ట్రేడింగ్ కార్డులు: తళుకు రకాలు, అరుదు స్థాయిలు

సేకరించడానికి, మార్చుకోవడానికి, ఆడుకోవడానికి అచ్చువేసే బొమ్మల అట్టముక్కలను ట్రేడింగ్ కార్డులు అంటారు. వీటిలో కొన్నింటి మీద లోహపు తళుకు ఉంటుంది. దానికి ఫాయిల్ అని పేరు. పోకెమాన్ అనే కార్డుల ఆట ఆడేవాళ్లు హోలో అంటారు. ఏ కార్డు ఎంత తక్కువగా దొరుకుతుందో చెప్పే వర్గీకరణను అరుదు స్థాయి అనవచ్చు. ఆటగాళ్ల నోట అది రేరిటీ. మెరిసేదల్లా అరుదైనదని, అరుదైనదల్లా ఖరీదైనదని అనుకోవడం కొత్తగా సేకరణ మొదలుపెట్టినవాళ్లు చేసే మొదటి పొరపాటు. తళుకు ముద్రణాలయంలో జరిగే పని. అరుదు ప్రచురణకర్త తీసుకునే నిర్ణయం. ధర కొనేవాళ్ల మధ్య తేలే సంగతి. ఈ మూడూ కలిసే కార్డులు కొన్నే.

హైదరాబాద్‌లో ఈ సరదాకు ఇప్పుడు ఎక్కువగా కనిపించే చోటు పడమటి వైపు ఉన్న ఐటీ కారిడార్: మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి. 1998 నవంబర్ 22న సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పుడు మాదాపూర్ చుట్టూ బండరాళ్లే. అప్పటికి మ్యాజిక్: ది గ్యాదరింగ్ అనే ఆట పుట్టి అయిదేళ్లు అయింది, పోకెమాన్ కార్డులు ఇంగ్లీషులోకి రావడానికి ఇంకా దాదాపు రెండు నెలలుంది. అప్పుడు బడికెళ్లిన పిల్లలే ఇప్పుడు ఆ భవనాల్లో ఉద్యోగాలు చేస్తూ చిన్నప్పుడు కొనలేకపోయిన కార్డులను కొంటున్నారు.

దక్కన్‌లో పూర్వరూపాలు

ఒకే ఆటకు మామూలు ముక్కలు, మేలు ముక్కలు వేరువేరుగా తయారుచేయడం ఈ నేలకు కొత్త కాదు. మొగలుల కాలంలో దేశంలోకి వచ్చిన గంజీఫా గుండ్రటి ముక్కలతో ఆడే ఆట. బాబరు 1527లో సింధు పాలకుడికి గంజీఫా ముక్కలు పంపిన సంగతి తన ఆత్మకథలో రాసుకున్నాడు. మొగల్ గంజీఫాలో 8 రంగులు, 96 ముక్కలు. దాన్ని మనవాళ్లు దశావతార గంజీఫాగా మార్చుకున్నప్పుడు 10 రంగులు, 120 ముక్కలు అయ్యాయి. నిర్మల్, కర్నూలు సీమలోని నొస్సం ఈ ముక్కల తయారీకి పేరుపడ్డ ఊళ్లు. ముక్కల్లో రెండు తరగతులు ఉండేవి. దంతం, తాబేటి చిప్ప వంటి వాటితో చేసి బంగారు పని పెట్టినవి దర్బారు కలం. గుడ్డ, కాగితం అతికి లక్క పూసినవి బజారు కలం. ఆట నియమాలు రెండింటికీ ఒకటే. రాజు ముక్క దంతంతో చేసినదైనా కాగితంతో చేసినదైనా దాని బలం మారదు. ఫాయిల్ కార్డుకూ మామూలు కార్డుకూ ఇవాళ ఉన్న తేడా సరిగ్గా ఇదే.

రెండో పూర్వరూపం పొగాకు వైపు నుంచి వచ్చింది. పాశ్చాత్య దేశాల్లో 19వ శతాబ్దం చివర సిగరెట్ పెట్టె నలగకుండా పెట్టిన అట్టముక్క మీద ఆటగాళ్ల బొమ్మలు అచ్చువేయడంతో సేకరణ కార్డులు మొదలయ్యాయి. మన పిల్లలు బొమ్మ కార్డు లేకపోయినా పెట్టెనే చించి కార్డు చేసుకున్నారు. అగ్గిపెట్టెల, సిగరెట్ పెట్టెల అట్టలను బచ్చాలని పిలిచి, వలయంలో పేర్చి రాయితో కొట్టి గెలుచుకునేవారు. వజీర్ సుల్తాన్ కంపెనీ హైదరాబాద్‌లోనే తయారుచేసిన చార్మినార్ పెట్టె ప్రతి పాన్‌డబ్బా ముందూ దొరికేది కాబట్టి దానికి విలువ తక్కువ. ఎవరో దూరదేశం నుంచి తెచ్చి పారేసిన పెట్టెకు విలువ ఎక్కువ. ఏ ప్రచురణకర్తా చెప్పకుండానే పిల్లలు కామన్, రేర్ అనే లెక్క కట్టుకున్నారు.

ఆ తర్వాత బబుల్‌గమ్‌తో వచ్చిన క్రికెట్ బొమ్మలు, కుస్తీ వీరుల ట్రంప్ కార్డులు, చిప్స్ ప్యాకెట్లలోని టాజోలు వచ్చాయి. ఐపీఎల్ మొదలయ్యాక టాప్స్ సంస్థ క్రికెట్ అటాక్స్ పేరుతో ఆ ఆటగాళ్ల కార్డులు అమ్మింది. 2009లో డెక్కన్ ఛార్జర్స్ కప్పు గెలిచిన ఊళ్లో తళుకు కార్డు అంటే ఏమిటో చాలామంది పిల్లలకు తెలిసింది ఆ పొట్లాల వల్లే.

తళుకు ఎలా వస్తుంది

పాతబస్తీలో వెండి వరఖ్ కొట్టే పనివాడు పొరల మధ్య వెండి ముక్క పెట్టి గంటల తరబడి సుత్తితో సాగగొడతాడు. మిఠాయి మీద అతికేది ఆ రేకు. కార్డు మీద రేకు అలా కొట్టినది కాదు. గాలి తీసేసిన గదిలో అల్యూమినియాన్ని ఆవిరి చేసి, కదిలే సన్నటి ప్లాస్టిక్ పొర మీద పట్టిస్తారు. ఆ లోహపు పూత మందం నానోమీటర్లలోనే ఉంటుంది. అందుకే ఫాయిల్ కార్డులో లోహం విలువ లెక్కలోకే రాదు.

దగ్గరగా చూడాలంటే ఛత్తా బజార్‌లో శుభలేఖలు అచ్చువేసే దుకాణం ముందు అయిదు నిమిషాలు నిలబడితే చాలు. వేడెక్కిన లోహపు అచ్చుకూ కాగితానికీ మధ్య బంగారు రంగు రిబ్బను కదులుతుంటుంది. అచ్చు ఒక్కసారి దిగి లేస్తుంది. అచ్చు తాకినచోట రిబ్బనులోని మెరుపు పొర ఊడి కాగితానికి అతుక్కుంటుంది, తాకనిచోట రిబ్బనుతోనే వెళ్లిపోతుంది. వధూవరుల పేర్లు బంగారంలా మెరుస్తాయి. అందులో బంగారం లేదు. అల్యూమినియం మీద పసుపు లక్క పూత ఉంది. దీన్ని హాట్ స్టాంపింగ్ అంటారు. కార్డు పేరు, అంచు గీత, చిన్న ముద్ర వంటివి మెరవడానికి ఈ పద్ధతి వాడతారు.

కార్డు మొత్తం మెరవాలంటే పని వేరు. లోహపు పూత ఉన్న పొరను ముందుగానే అట్టకు అతికి, దాని మీద బొమ్మ అచ్చువేస్తారు. ఇక్కడ కీలకం తెల్ల సిరా. రంగు సిరాలు పలచన. వాటి గుండా కింది మెరుపు కనిపిస్తుంది. ఎక్కడ మెరవకూడదో అక్కడ ముందు తెల్ల సిరా వేసి లోహాన్ని కప్పేస్తారు. మంచి ఫాయిల్ కార్డులో డ్రాగన్ కన్ను, కత్తి అంచు మాత్రమే మెరిసి ముఖం మెరవకపోవడం తెల్ల సిరా చేసే పని. అందుకే ఫాయిల్ నాణ్యత రేకులో ఎంత ఉందో, తెల్ల సిరా ఎక్కడ వేయాలో గీసినవాడి చేతిలోనూ అంత ఉంది.

ఇంద్రధనుస్సు రంగులకు ఇంకో మెట్టు ఉంది. పొర మీద కంటికి కనిపించని సన్నటి గాడులు నొక్కుతారు. కాంతి తరంగం పొడవు సుమారు 400 నుంచి 700 నానోమీటర్లు; గాడుల మధ్య దూరం దానికి దగ్గరగా ఉంటే తెల్లటి వెలుగు రంగులుగా విడిపోతుంది. సీడీ వెనక కనిపించే రంగులకు కారణం ఇదే. దాని గాడుల మధ్య దూరం 1.6 మైక్రోమీటర్లు. గాడులు అంతటా ఒకే దిశలో ఉంటే రంగులు పట్టీలా జరుగుతాయి. చుక్కలు చుక్కలుగా వేర్వేరు దిశల్లో ఉంటే కార్డు కదిపినప్పుడల్లా నక్షత్రాలు మిణుకుమంటాయి. హోలో నమూనాలన్నీ ఈ గాడుల అమరికలో మార్పులే.

ఫాయిల్ రకాలు

పేర్లు వందల్లో ఉన్నా, తయారీని బట్టి చూస్తే ఈ కుటుంబాలకు తగ్గించవచ్చు.

సంప్రదాయ ఫాయిల్: బొమ్మ, చట్రం అంతటా పలచని మెరుపు. మ్యాజిక్ ఆటలో బూస్టర్ ప్యాక్‌లనే మూసిన పొట్లాల్లోకి ఇది 1999 ఫిబ్రవరిలో అర్జాస్ లెగసీ శ్రేణి విడుదలతో వచ్చింది.

హోలో, రివర్స్ హోలో: హోలోలో బొమ్మ పెట్టె మాత్రమే మెరుస్తుంది. రివర్స్ హోలోలో బొమ్మ మామూలుగా ఉండి చుట్టూ ఉన్న భాగం మెరుస్తుంది. పోకెమాన్‌లో రివర్స్ హోలోకు పేరు తెచ్చినది 2002 నాటి లెజెండరీ కలెక్షన్; బాణసంచా పేలినట్టుండే దాని నమూనాను సేకర్తలు ఇప్పటికీ దూరం నుంచే గుర్తుపడతారు.

రిఫ్రాక్టర్: క్రీడా కార్డుల మాట. టాప్స్ 1993లో ఫైనెస్ట్ శ్రేణితో మొదలుపెట్టింది. పక్కకు వంచితే కార్డంతా ఇంద్రధనుస్సు పరుచుకుంటుంది. ఇవాళ బంగారు, నారింజ, ఎరుపు అంచుల రంగుల శ్రేణులన్నీ దీని సంతతే.

ఎచ్చ్‌డ్ ఫాయిల్: నున్నగా కాక, లోహాన్ని గీరినట్టు గరుకుగా, మాసిన మెరుపుతో ఉంటుంది. మ్యాజిక్‌లో 2020 నాటి కమాండర్ లెజెండ్స్‌తో బాగా వ్యాపించింది. బిద్రీ పనిలో వెండి మెరిసే తీరు తెలిసినవారికి ఈ మసక మెరుపు నచ్చుతుంది.

టెక్స్చర్డ్ ఫాయిల్: వేలితో తడిమితే గీతలు తగులుతాయి. మ్యాజిక్‌లో డబుల్ మాస్టర్స్ 2022తో వచ్చింది. పోకెమాన్‌లో పై తరగతి కార్డుల మీద ఈ గీతలు ఉండటం అసలు కార్డుకు ఒక ఆనవాలు కూడా.

ఉబ్బెత్తు, దెయ్యపు తెలుపు: ఈ రెండూ యూ-గి-ఓ అనే మరో కార్డుల ఆట ప్రత్యేకతలు. అల్టిమేట్ రేర్‌లో బొమ్మ గీతలు చెక్కినట్టు పైకి లేచి ఉంటాయి. 2007లో వచ్చిన ఘోస్ట్ రేర్‌లో బొమ్మ దాదాపు రంగు లేకుండా పాలిపోయి, వెలుగు పడ్డప్పుడే లోతుగా కనిపిస్తుంది.

ఇవి కాక సర్జ్, గెలాక్సీ, గిల్డెడ్, హేలో అంటూ మ్యాజిక్ 2022, 2023 సంవత్సరాల్లోనే వరసగా కొత్త పూతలు తెచ్చింది. పేరు మారినంత వేగంగా తయారీ సూత్రం మారలేదు.

ఒక కోవ మన వాకిలికి దగ్గరిది. మ్యాజిక్ 2016 సెప్టెంబర్ 30న విడుదల చేసిన కలాదేశ్ భారతీయ వేషభాషలను, కట్టడాలను ప్రేరణగా తీసుకుని అల్లిన లోకం. దానితో, తరువాతి ఈథర్ రివోల్ట్‌తో కలిపి ఇన్వెన్షన్స్ అనే 54 ప్రత్యేక ఫాయిల్ కార్డులు వచ్చాయి. వాటి చట్రం లోహపు తీగలు మెలితిప్పి అల్లినట్టు ఉంటుంది. కరీంనగర్ వెండి తీగ పని చూసినవారికి ఆ చట్రం పరాయిగా అనిపించదు.

అరుదును చదవడం

మూడు పెద్ద ఆటలు అరుదును మూడు రకాలుగా రాస్తాయి. వీటిని కలిపి చదివితేనే గందరగోళం.

మ్యాజిక్‌లో అరుదు గుర్తు కార్డు మధ్యలో కుడివైపు ఉండే చిన్న ముద్ర రంగులో ఉంటుంది: నలుపు కామన్, వెండి అన్‌కామన్, బంగారం రేర్, నారింజ ఎరుపు మిథిక్ రేర్. రంగుల పద్ధతి 1998లో ఎక్సోడస్‌తో, మిథిక్ తరగతి 2008లో షార్డ్స్ ఆఫ్ అలారాతో వచ్చాయి. 2014 నుంచి రేర్, మిథిక్ కార్డుల అడుగున కోడిగుడ్డు ఆకారపు హోలోగ్రామ్ ముద్ర కూడా వేస్తున్నారు. ఇక్కడ తళుకుకూ అరుదుకూ సంబంధం లేదు. అతి మామూలు కామన్ కూడా ఫాయిల్‌గా వస్తుంది. మిథిక్ మెరుపు లేకుండానూ వస్తుంది.

పోకెమాన్‌లో గుర్తు కార్డు అడుగు మూలలో ఉంటుంది. వృత్తం కామన్, వజ్రాకారం అన్‌కామన్, నక్షత్రం రేర్. 2023 నాటి స్కార్లెట్, వయొలెట్ శ్రేణితో నక్షత్రాలు పెరిగాయి: రెండు నల్ల నక్షత్రాలు డబుల్ రేర్, ఒక బంగారు నక్షత్రం ఇలస్ట్రేషన్ రేర్, రెండు బంగారు నక్షత్రాలు స్పెషల్ ఇలస్ట్రేషన్ రేర్, మూడు బంగారు నక్షత్రాలు హైపర్ రేర్. ఆ శ్రేణి నుంచి రేర్ ప్రతిదీ కనీసం హోలోగానే వస్తుంది. ఒక్కో ప్యాక్‌లో మూడు మెరుపు కార్డులు ఖాయం. పొట్లం విప్పగానే మూడు మెరిశాయని ఎగిరి గంతేసే పిల్లాడికి పెద్దవాళ్లు ఈ సంగతి ముందే చెప్పడం మేలు.

యూ-గి-ఓలో ముద్ర లేదు, మెరుపే ముద్ర. పేరు మాత్రమే వెండి రంగులో మెరిస్తే రేర్. బొమ్మ మాత్రమే మెరిస్తే సూపర్ రేర్. బొమ్మ మెరిసి పేరు బంగారంలో ఉంటే అల్ట్రా రేర్. బొమ్మ మీద ఏటవాలు తళుకులు, పేరు మీద ఇంద్రధనుస్సు ఉంటే సీక్రెట్ రేర్. ఇక్కడ తళుకు రకం తెలియకపోతే అరుదు తెలియదు.

క్రీడా కార్డుల్లో పద్ధతి సూటిగా ఉంటుంది. చాలా వాటి మీద అంకె ముద్రిస్తారు: 25/99 అంటే 99 ప్రతుల్లో 25వది. 1/1 అంటే లోకంలో అదొక్కటే.

పొట్లం వెనక లెక్క

బూస్టర్ ప్యాక్ అంటే లోపల ఏముందో తెలియకుండా కొనే మూసిన పొట్లం. అరుదు స్థాయి నిజానికి ఒక సంభావ్యత. మిథిక్ కార్డు సగటున 8 ప్యాక్‌లకు ఒకటి వస్తుందంటే 8 కొన్నవాడికి తప్పక వస్తుందని కాదు. ఒక్కో ప్యాక్‌లో రాకపోయే అవకాశం 7/8. ఎనిమిదింటిలోనూ రాకపోయే అవకాశం ఆ భిన్నాన్ని ఎనిమిదిసార్లు గుణిస్తే వస్తుంది: సుమారు 34 శాతం. అంటే ఎనిమిదేసి ప్యాక్‌లు కొన్న ముగ్గురిలో ఒకరు వట్టి చేతులతో మిగులుతారు.

కావలసింది ఏదో ఒక మిథిక్ కాక ఫలానా మిథిక్ అయితే లెక్క ఇంకా కఠినం. శ్రేణిలో 20 మిథిక్‌లు సమానంగా ఉన్నాయనుకుందాం. ఆ ఒక్కటి సగటున 160 ప్యాక్‌లకు ఒకటి. 160 కొన్నా దొరకని అవకాశం దాదాపు 37 శాతం. ఇరవై మిథిక్‌లూ పొట్లాల నుంచే పోగుచేయాలంటే సగటున 72 మిథిక్‌లు రావాలి, అంటే 576 ప్యాక్‌లు విప్పాలి. పగలంతా కోడ్ రాసి ఈ లెక్క చిటికెలో వేయగల ఇంజనీరు కూడా సాయంత్రం ఇంకొక్క ప్యాక్ అంటూ చేయి చాపడంలోనే ఈ వ్యాపారం బలం ఉంది. ఫలానా కార్డే కావాలనుకున్నవాడు దాన్ని విడిగా కొనుక్కోవడం దాదాపు ఎప్పుడూ చౌక. విడి కార్డును సింగిల్ అంటారు.

ధర: తళుకు చెప్పని కథ

ఇప్పటిదాకా పేరుమోసిన ధరలు చూస్తే తళుకు పాత్ర ఎంత చిన్నదో తెలుస్తుంది. 1952 టాప్స్ శ్రేణిలోని మికీ మాంటిల్ బేస్‌బాల్ కార్డు ఒకటి 2022లో 1.26 కోట్ల డాలర్లకు అమ్ముడైంది. అది మామూలు అట్ట. మ్యాజిక్ తొలి ముద్రణ ఆల్ఫాలో ఒక్కో రేర్ 1,100 ప్రతులు మాత్రమే వేశారు. వాటిలో బ్లాక్ లోటస్ అనే నల్లకలువ కార్డు ఒకటి 2024లో 30 లక్షల డాలర్లు పలికింది. దానికీ మెరుపు లేదు.

మెరిసేవాటిలో పికాచూ ఇలస్ట్రేటర్ అనే పోకెమాన్ కార్డు 1997, 1998లలో జపాన్‌లో చిత్రలేఖన పోటీల విజేతలకు ఇచ్చిన బహుమతి. పోటీల్లో పంచినవి 39. అందులో మచ్చలేని ఒక ప్రతిని 2021లో అమెరికా యూట్యూబర్ లోగన్ పాల్ 52.75 లక్షల డాలర్ల విలువకు కొన్నాడు. 2023లో లార్డ్ ఆఫ్ ది రింగ్స్ శ్రేణిలో మ్యాజిక్ ఒకే ఒక్క ప్రతిగా వేసిన వన్ రింగ్ కార్డు కెనడాలో ఒక పొట్లంలో బయటపడింది. గాయకుడు పోస్ట్ మలోన్ దాన్ని 20 లక్షల డాలర్లకు కొన్నాడు. ఈ నాలుగింటిలో ధరను పెంచినవి ప్రతుల సంఖ్య, కార్డు స్థితి, దాని వెనక కథ.

స్థితిని కొలిచే పనిని గ్రేడింగ్ అంటారు. 1991లో మొదలైన పీఎస్‌ఏ సంస్థ కార్డుకు 1 నుంచి 10 వరకు అంకె ఇచ్చి గట్టి ప్లాస్టిక్ పెట్టెలో సీలు వేస్తుంది. మూలలు, అంచులు, ఉపరితలం, బొమ్మ మధ్యకు ఉందా లేదా అన్నవి చూస్తారు. ఫాయిల్ మీద గీత మామూలు కార్డు మీద కన్నా స్పష్టంగా కనిపిస్తుంది కాబట్టి మెరిసే కార్డుకు పది రావడం మరింత కష్టం.

సైబరాబాద్‌లో కార్డులు

సైబరాబాద్ అని కూడా పిలిచే ఐటీ కారిడార్‌కు కార్డులు ప్రధానంగా మూడు దారుల్లో వస్తాయి: ఆన్‌లైన్ దుకాణాలు, బొమ్మల దుకాణాలు, అమెరికా నుంచి సెలవులకు వచ్చే బంధువుల సూట్‌కేసులు. డాలస్‌లో ఉన్న అన్నయ్యకు చాక్లెట్లతో పాటు ఒక బూస్టర్ బాక్స్ పురమాయించే తమ్ముళ్లు ఇప్పుడు ఈ ఊళ్లో ఉన్నారు. రవాణా, సుంకాలు కలిస్తే దిగుమతి సరుకు ఇక్కడ పిరమవుతుంది కాబట్టి ఈ మూడో దారికి గిరాకీ.

హైటెక్ సిటీ పక్కనే ఉన్న హైటెక్స్ ప్రదర్శనశాలకు ఈ కథలో చోటుంది. 2013లో తొలిసారి హైదరాబాద్‌కు వచ్చిన కామిక్ కాన్ వేడుక బొమ్మల పుస్తకాలు, వేషాలతో పాటు సేకరణ వస్తువులను ఈ ప్రాంతపు యువతకు ఒక్కచోట చూపింది. బోర్డ్ గేమ్ కేఫ్‌లు, అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లు మిగతా రోజుల్లో ఆటస్థలాలు. అక్కడ వినిపించే మాట సగం ఇంగ్లీషు, సగం తెలుగు: ‘బ్రో, నీ హోలో ఇస్తావా, నా రెండు రేర్‌లు తీసుకో’ అంటే ‘స్లీవ్ తియ్, వెనక చూడాలి’ అని జవాబు. స్లీవ్ అంటే కార్డుకు వేసే ప్లాస్టిక్ తొడుగు. మార్పిడి బేరంలో కార్డు వెనక చూడకుండా ఒప్పుకునేవాడు కొత్తవాడని తెలిసిపోతుంది.

వానాకాలం, ఏసీ గది, వంకర కార్డు

ఫాయిల్ కార్డుకు ఉన్న పెద్ద జబ్బు వంకర తిరగడం. కారణం సులువు. కార్డు వెనక కాగితం, ముందు ప్లాస్టిక్, లోహం. కాగితం తేమ పీల్చి ఉబ్బుతుంది, తేమ పోతే ముడుచుకుంటుంది. ప్లాస్టిక్ పొర దాదాపు మారదు. జులై, ఆగస్టు వానల్లో వెనక కాగితం సాగితే కార్డు బొమ్మ వైపు దొప్పలా ముడుచుకుంటుంది. ఏప్రిల్, మే నెలల పొడి వేడిలో, లేదా రోజంతా ఏసీ నడిచే గదిలో కాగితం ముడుచుకుంటే బొమ్మ వైపు ఉబ్బి విల్లులా వంగుతుంది. ఒకే కార్డు ఏడాదిలో రెండు వైపులా వంగడం హైదరాబాద్ సేకర్తలకు అనుభవమే.

బల్లమీద నాలుగు కార్డులు పరిచి చూస్తే ఏది ఫాయిలో దాని నీడే చెబుతుంది. పోటీల్లో ఇది నవ్వులాట కాదు. పేకలో ఒక కార్డు వంగి ఉంటే వెనక వైపు నుంచే గుర్తుపట్టవచ్చు కాబట్టి దాన్ని గుర్తు పెట్టిన కార్డుగా లెక్కించి న్యాయనిర్ణేత మార్చమనవచ్చు. అందుకే గట్టిగా ఆడే చాలామంది ఫాయిల్‌ను బైండర్‌లో పెట్టుకుని, మామూలు ప్రతితో ఆడతారు. నివారణ ఖర్చు తక్కువ: పలచని స్లీవ్, దాని మీద గట్టి టాప్‌లోడర్, మూత బిగుసుకునే డబ్బా, అందులో ఒక సిలికా జెల్ పొట్లం. వంగినదాన్ని ఇస్త్రీ పెట్టెతో సరిచేయబోయి పూత కరిగించుకున్నవాళ్లు ఉన్నారు. ఆ ప్రయత్నం వద్దు.

బంగారు పోకెమాన్: పైన పటారం

బడుల దగ్గరి స్టేషనరీ దుకాణాల్లో, ఫుట్‌పాత్‌ల మీద అమ్మే మెరిసే పసుపు పోకెమాన్ కార్డుల డబ్బాను చూడని పిల్లాడు లేడు. 55 ముక్కలు, అన్నీ బంగారు రంగు, అన్నీ పెద్ద పోకెమాన్‌లే. పైన పటారం, లోన లొటారం అన్న సామెతకు ఇంతకన్నా బొమ్మ అక్కర్లేదు. డబ్బా మొత్తం మెరవడమే నకిలీకి మొదటి ఆనవాలు. అసలు శ్రేణిలో మెజారిటీ కార్డులు మామూలువే ఉంటాయి.

మిగతా పరీక్షలు కార్డును పాడుచేయకుండా చేసేవి. వెనక నీలం రంగు అసలుదానితో పక్కపక్కన పెట్టి చూడాలి. నకిలీది తరచూ వెలిసినట్టు ఉంటుంది. పోకెమాన్ అన్న ఇంగ్లీషు పేరులో ‘ఈ’ అక్షరం నెత్తిన ఏటవాలు గీత ఉండాలి. నకిలీలు చాలాసార్లు మరిచిపోతాయి. మ్యాజిక్ కార్డు వెనక ఆకుపచ్చ చుక్కను భూతద్దంలో చూస్తే లోపల నాలుగు చిన్న ఎర్ర చుక్కలు మూల మలుపు ఆకారంలో కనిపించాలి. భూతద్దం కింద అసలు ముద్రణలో రంగు చుక్కలు పువ్వుల్లా క్రమంగా అమరి ఉంటాయి. స్కాన్ చేసి వేసినదానిలో ఆ క్రమం చెదురుతుంది. కార్డును సగానికి వంచి చూడటం పాత పద్ధతి. అసలుదైతే నష్టపోయేది పరీక్షించినవాడే.

తళుకును నకిలీకి అడ్డుకట్టగా వాడటం కూడా పాత ఆలోచనే. అప్పర్ డెక్ 1989లో తన బేస్‌బాల్ కార్డుల వెనక చిన్న హోలోగ్రామ్ వేసింది ఇందుకే. మ్యాజిక్ కోడిగుడ్డు ముద్ర ఉద్దేశమూ అదే.

విమర్శ, చట్టం

లోపల ఏముందో తెలియకుండా డబ్బు పెట్టించడం జూదానికి దగ్గరని విమర్శకులు అంటారు. డిజిటల్ ఆటల్లో ఇదే పద్ధతిలో అమ్మే లూట్ బాక్సులను బెల్జియం 2018లో జూదం కింద లెక్కించింది. తెలంగాణ 2017లో గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ పందేలను, డబ్బు పెట్టి ఆడే రమ్మీని నిషేధించింది. ఆంధ్రప్రదేశ్ 2020లో అదే దారి పట్టింది. ఆ సవరణలు పందెం కోసం వచ్చినవి, అట్టముక్కల పొట్లాల కోసం కాదు. పొట్లం కొన్నవాడికి ఏదో ఒక కార్డు చేతికి వస్తుంది కాబట్టి ఇది జూదం కాదని తయారీదారుల వాదన. చేతికి వచ్చినదాన్ని పిల్లాడు కార్డుగా చూస్తున్నాడా, ఓడిపోయిన టికెట్టుగా చూస్తున్నాడా అన్నది ఇంట్లో తేల్చుకోవలసిన ప్రశ్న.

ఫోన్లలోకి వచ్చేసరికి ఈ చర్చ కొత్త రూపం తీసుకుంది. 2024 అక్టోబర్‌లో విడుదలైన పోకెమాన్ టీసీజీ పాకెట్‌లో పొట్లం చించడం, మెరుపు, అరుదు నక్షత్రాలు అన్నీ ఉన్నాయి. అట్ట, అల్యూమినియం, తెల్ల సిరా లేవు. అక్కడ ఫాయిల్ కొన్ని వరుసల కోడ్. మాదాపూర్ ఇంజనీరు రాయగలిగిన పనే అది.

కార్డు కొనేముందు వేయవలసిన ప్రశ్నలు మూడు. ఇది మెరుస్తోందా? ఇది ఎంత అరుదు? నాకెందుకు కావాలి? మొదటిదానికి జవాబు వెలుగులో తెలుస్తుంది, రెండోది అడుగు మూలలోనో, మధ్యలోని ముద్రలోనో ఉంటుంది. మూడోదానికి జవాబు దొరికినవాడు మామూలు కార్డు కొన్నా నష్టపోడు.